ఎమ్మే తెలుగు చేసి డేటా సైన్స్ వైపు వెళ్లాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి

నెలకి ఇద్దరు ముగ్గురైనా అడుగుతుంటారు, "అక్కా, నాది ఎమ్మే తెలుగు, కోడింగ్ రాదు, డిజిటల్ హ్యుమానిటీస్‌లో సీటొస్తుందా?" అని. డిజిటల్ హ్యుమానిటీస్ అంటే సాహిత్యం, చరిత్ర లాంటివాటిని కంప్యూటర్ లెక్కల్తో పరిశోధించే చదువు, డేటా సైన్స్ పనిముట్లే అక్కడా వాడతారు. మొన్నొకబ్బాయి హిస్టరీ చేశాడట, అమీర్‌పేటలో డేటా సైన్స్ కోచింగ్‌కి అడ్వాన్సు కట్టేసి మరీ అడిగాడు. సీటు సంగతి తర్వాత చెప్తాను, అదేమీ అందని పండు కాదు. కోచింగ్‌కి డబ్బు కట్టక ముందే, యూనివర్సిటీల లిస్టు రాసుకోక ముందే చెయ్యాల్సిన పని ఒకటుంది, దాన్ని మాత్రం దాదాపు ఎవరూ చెయ్యరు. మీకు బాగా తెలిసిన పుస్తకం ఒకటి తీసుకోండి. ఒట్టి చదవడంతో తేలని ప్రశ్న ఒకటి దాని మీద రాసుకోండి. అంతే. ప్రశ్న లేకుండా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టినవాళ్లు మూడు నెలలు, అభ్యాసానికని అందరికీ ఇచ్చే టైటానిక్ ప్రయాణికుల పట్టికతో గ్రాఫులు గీసి, నాకెందుకీ గోల అని వదిలేస్తారు. నేనూ ఒకసారి వదిలేశాను కాబట్టి చెప్తున్నాను.

అసలీ చదువు పుట్టిందే అలా. రొబెర్తో బూసా అని ఇటలీలో ఒక జెస్యూట్ ఫాదర్ ఉండేవాడు. క్రైస్తవ తాత్వికుడు థామస్ అక్వినాస్ రాతల్లో 'సన్నిధి' అనే భావం మీద పరిశోధన చేద్దామని కూర్చున్నాడు. కూర్చుంటే తేలిందేమిటంటే, పెద్ద పెద్ద తాత్విక పదాలు వెతికితే లాభం లేదు, లాటిన్‌లో 'ఇన్' అనే చిన్న మాట, మన 'లో' లాంటిది, అది ఎక్కడెక్కడ ఎలా వాడాడో చూడాలి. కోటికి పైగా మాటలున్న రాశిలో 'లో'ని చేత్తో ఎవరు వెతుకుతారు? 1949లో ఐబీఎం పెద్దాయన దగ్గరికెళ్లి మిషన్లు అడిగాడు. పంచ్ కార్డులతో, అంటే చిల్లులు పొడిచిన అట్టలతో, మొదలైన ఆ పని ముప్పై ఏళ్లు సాగి, అచ్చులో 56 సంపుటాలైంది. చూశారుగా, ముందు ప్రశ్న పుట్టింది, దాని కోసం కంప్యూటర్ దగ్గరికి వెళ్లాల్సొచ్చింది.

తెలుగులో అలాంటి ప్రశ్నలేముంటాయి అనకండి, సిలబస్‌లోనే ఉన్నాయి. అరణ్యపర్వం తీసుకోండి. నన్నయ నాలుగో ఆశ్వాసంలో శారదరాత్రుల పద్యం దగ్గర ఆగిపోయాడంటారు. తిక్కన విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు రాశాడు. నడుమ మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని ఎర్రన పూరించాడు, అదీ తన పేరు పెట్టుకోకుండా, నన్నయే రాసినట్టు రాజరాజనరేంద్రుడికే అంకితంగా. ఇద్దరికీ నడుమ దాదాపు మూడొందల ఏళ్లు. అతుకు కనపడకుండా కుట్టాడని మన మాస్టార్లు తరాలుగా మెచ్చుకుంటున్నారు. మరి చదివేవాడి కంటికి కనపడని ఆ అతుకు లెక్కకి దొరుకుతుందా? నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే మంచి అభ్యాసం లేదు. ఎందుకంటే జవాబు ముందే తెలుసు, మీ పద్ధతి తప్పైతే వెంటనే బయటపడిపోతుంది.

ఇలా రచయితని శైలి లెక్కల్తో పట్టుకునే పనిని స్టైలోమెట్రీ అంటారు. పేరుపడ్డ ఉదాహరణ అమెరికాది. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ మారుపేరుతో వచ్చిన ఫెడరలిస్ట్ పేపర్లలో పన్నెండు వ్యాసాలు హామిల్టన్‌వా మాడిసన్‌వా అన్న తగువుని మోస్టెలర్, వాలేస్ అనే ఇద్దరు స్టాటిస్టిక్స్ వాళ్లు 1964లో చిన్న చిన్న మాటలు లెక్కబెట్టి మాడిసన్ వైపు తేల్చారు. 'అపాన్' అనే మాట హామిల్టన్ విరివిగా వాడతాడు, మాడిసన్ ఎప్పుడో గాని వాడడు, ఇలాంటి ఆనవాళ్లు. 2002లో జాన్ బరోస్ రెండు రచనల శైలి ఎంత దూరమో చెప్పే 'డెల్టా' అనే కొలత ఇచ్చాడు, ఇప్పటికీ అందరూ మొదట పట్టుకునేది అదే, దానికి ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 'స్టైలో' అనే ఉచిత ప్యాకేజీ ఉంది. కానీ ఇంగ్లీషు పద్ధతిని యథాతథంగా తెచ్చి తెలుగు మీద పెడితే కుదరదు. ఇంగ్లీషులో విడిగా ఉండే చిన్న మాటలు మనకి ప్రత్యయాలై నామానికి అంటుకుపోతాయి, పైగా సంధి కలిసి మాట సరిహద్దే చెరిగిపోతుంది. అందుకని మాటల్ని కాక అక్షరాల గుంపుల్ని, అంటే మూడేసి నాలుగేసి అక్షరాల వరసల్ని లెక్కపెడితే మెరుగు.

ఇంకో ఉచ్చుంది. చంపూకావ్యంలో పద్యం, వచనం రెండూ ఉంటాయి. ఒక ముక్కలో పద్యాలు, ఇంకో ముక్కలో వచనం ఎక్కువ పడితే, కంప్యూటర్ రెండూ వేరని గట్టిగా చెప్తుంది, మీరు నన్నయ, ఎర్రన దొరికేశారని సంబరపడతారు, తీరా అది పట్టుకున్నది పద్యానికీ వచనానికీ ఉన్న తేడా. కాబట్టి వచనాన్ని వచనంతోనే పోల్చాలి, ఉత్పలమాలని ఉత్పలమాలతోనే. ఆ తేడా తెలుసుకోవడానికి గణాలు తెలిసినవాళ్లు కావాలి, ఆ తెలివి బీటెక్ వాళ్లకి ఉండదు, మీకుంది. ఇంటర్వ్యూలో బెదిరిపోయే ఎమ్మే పిల్లలందరికీ ఇదొక్కటే చెప్తాను: పైథాన్ ఆర్నెల్లలో ఎవరికైనా వస్తుంది, భ-ర-న-భ-భ-ర-వ వినగానే ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి అని నోటికి రావడం ఆర్నెల్లలో రాదు.

మీ సబ్జెక్టు చరిత్రైతే కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రల రికార్డులున్నాయి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు ఊరూరా రాయించినవి, ఊళ్ల పేర్లు, చెరువులు, గుళ్లు, పన్నుల వివరాలతో నిండుంటాయి. ఒక్క తాలూకాలో చెరువుల ప్రస్తావనలన్నీ క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మ్యాపు మీద పెట్టినా మంచి చిన్న ప్రాజెక్టవుతుంది. పాత ఊరి పేరుని ఇప్పటి ఊరితో జతచెయ్యడంలోనే సగం కాలం పోతుంది, దానికి సిద్ధపడండి.

ఇప్పుడు అసలు చాకిరీ గురించి. యూనివర్సిటీల వెబ్‌సైట్లలో రంగురంగుల నెట్‌వర్క్ బొమ్మలుంటాయి గానీ, ఈ పనిలో ఎక్కువ రోజులు పాఠాన్ని శుభ్రం చెయ్యడంతోనే గడుస్తాయి. పాఠం ఎక్కడ దొరుకుతుంది? తెలుగు వికీసోర్స్ చూడండి, ఆంధ్రభారతి చూడండి, స్కాన్ పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కుప్పలు. కాపీరైట్ చూసుకోవాలి. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లు. గురజాడ, కందుకూరి, గిడుగు హాయిగా వాడుకోవచ్చు. చలం 1979లో పోయాడు కాబట్టి 2039 చివరిదాకా ఆగాలి, శ్రీశ్రీకి 2043 దాకా. సొంత లెక్కలకి వాడుకోవడం వేరు, మొత్తం పాఠాన్ని నెట్‌లో పెట్టేయడం వేరు, రెండోది చెయ్యకండి.

డీటీపీ ఫైలు ఎవరైనా ఇచ్చారనుకోండి, అది అను ఫాంట్లలో ఉంటే కాపీ చేసినప్పుడు ఇంగ్లీషు అక్షరాల పిచ్చిగీతలొస్తాయి, యూనికోడ్‌లోకి, అంటే అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే అక్షర సంకేతాల్లోకి మార్చాలి, మార్చాక చూసి దిద్దాలి. స్కానైతే ఓసీఆర్ చెయ్యాలి, అంటే బొమ్మలోని అక్షరాల్ని కంప్యూటర్ చేత చదివించాలి. దానికి టెసెరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, గూగుల్ డ్రైవ్‌లో బొమ్మని డాక్‌గా తెరిచినా అక్షరాలొస్తాయి. పాత అచ్చులో అరసున్న, బండి ఱ, వలపల గిలక వచ్చినచోటల్లా తడబడుతుంది, ఒత్తులు మింగేస్తుంది. ఇరవై పేజీలు చేత్తో పూర్తిగా దిద్దండి. ఎన్ని అక్షరాలకి ఎన్ని తప్పులు, ఏ ఏ అక్షరాల దగ్గర తప్పులు, ఒక పట్టికలో రాసుకోండి. ఆ పట్టిక అప్లికేషన్‌లో పెడితే ప్రొఫెసర్లు బొమ్మలకంటే దాన్నే శ్రద్ధగా చూస్తారు, నా అనుభవం.

నా మొదటి ప్రాజెక్టులో ఏమైందో చెప్తే అర్థమవుతుంది. పాత పత్రికల కథల్లో రైలు గురించి ఎప్పటి నుంచి ఎంత రాశారో లెక్కపెడదామని కూర్చున్నాను. పట్టికలో 'స్టేషన్' రెండు వరసల్లో వచ్చింది, ఒకచోట 41, ఒకచోట 17. రెండూ చూడ్డానికి అచ్చంగా ఒకటే. తెర జూమ్ చేశాను, ఫాంటు మార్చాను, లాప్‌టాప్ రీస్టార్ట్ కూడా చేశాను. రెండ్రోజుల తర్వాత, ఒక్కో అక్షరం కోడ్ విడిగా రాయించి చూస్తే ఒకదాని చివర పొల్లు తర్వాత కంటికి కనపడని సంకేతం ఒకటుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అని, తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపేది, కొన్ని టైపింగ్ పద్ధతులు దాన్ని మనకి చెప్పకుండా పెట్టేస్తాయి. మనకది శూన్యం, కంప్యూటర్‌కి ఒక అక్షరం. నా గ్రాఫు సగం తప్పు, అదీ గైడ్‌కి పంపేశాక తెలిసింది.

అప్పటి నుంచి ఏ తెలుగు ఫైలు తెరిచినా మూడు పనులు చేస్తాను. మాట చివరున్న ఆ కనపడని సంకేతాన్ని తీసేస్తాను, నడుమ ఉన్నదాన్ని మాత్రం చూసి నిర్ణయిస్తాను. యూనికోడ్‌ని ఒకే రూపానికి తెస్తాను, ఎందుకంటే 'ఐ'త్వాన్ని ఒక గుర్తుగానూ రాయొచ్చు, 'ఎ'త్వం కింద ఇంకో గుర్తు కలిపీ రాయొచ్చు, రెండూ ఒకేలా కనపడతాయి. ఇక మూడోది, పైథాన్‌లో మాటలు విడగొట్టడానికి అందరూ వాడే పద్ధతిని పక్కన పెడతాను. ఇంగ్లీషు పాఠాల్లో చెప్పే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ (\w) గుర్తు మన గుణింతాల్ని అక్షరాలుగా లెక్కచెయ్యదు, 'తెలుగు' ఇస్తే త, ల, గ అని మూడు ముక్కలు చేతిలో పెడుతుంది. ఖాళీల దగ్గర విడగొట్టి, అటూ ఇటూ ఉన్న కామాలు, చుక్కలు ఊడగొట్టండి, ప్రస్తుతానికి చాలు. అన్నట్టు 'స్త్రీ' పొడవెంత అని పైథాన్‌ని అడగండి, ఆరు అంటుంది. మనకి ఒక్క అక్షరం. పద్యం అక్షరాలు లెక్కించే ప్రోగ్రాం రాసేవాళ్లకి మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది.

ఏం నేర్చుకోవాలి, ఏ వరసలో? ముందు ఎక్సెల్, నవ్వకండి, పివట్ టేబుల్ రాకుండా పైథాన్‌లోకి దూకినవాళ్లు రెండుసార్లు కష్టపడతారు. తర్వాత ఓపెన్‌రిఫైన్, ఒకే పేరు ఐదు రకాలుగా రాసిన జాబితాల్ని దారికి తెస్తుంది. పైథాన్‌లో ఫైలు తెరవడం, స్ట్రింగులు, డిక్షనరీ, లూపు, తర్వాత పట్టికలతో పనిచేసే పాండాస్ లైబ్రరీ, ఇంతవరకు వస్తే అప్లికేషన్‌కి సరిపోతుంది. మెషిన్ లెర్నింగ్ జోలికి ఇప్పుడే వెళ్లక్కర్లేదు. స్టాటిస్టిక్స్ మాత్రం తప్పించుకోలేరు, ఇంటర్ హెచ్ఈసీ వాళ్లకి టెన్షన్ పుట్టేది ఇక్కడే. సగటు, మధ్యగతం, శాంపిల్ అంటే ఏమిటి, ఈ తేడా కాకతాళీయమా కాదా అని ఎలా చెప్తారు, ఈ నాలుగూ గట్టిగా రావాలి. డబ్బు కట్టక్కర్లేదు, ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల సైట్ ఎన్‌పీటెల్‌లో పైథాన్, స్టాటిస్టిక్స్ రెండూ ఉన్నాయి, ప్రోగ్రామింగ్ హిస్టోరియన్ అనే సైట్‌లో చరిత్ర, సాహిత్యం వాళ్ల కోసమే రాసిన పాఠాలున్నాయి. సర్టిఫికెట్ కావాలనిపిస్తే ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీ ఉంది, జేఈఈ అక్కర్లేదు, వాళ్ల క్వాలిఫయర్ పరీక్ష దాటాలి. అది చిన్న పని కాదు, ఎమ్మేతో పాటు చేస్తూ నిద్ర చాలక వదిలేసినవాళ్లు నాకు తెలుసు.

ఎక్కడ చదవాలో ఇప్పుడు చూద్దాం. హైదరాబాద్‌లోనే ట్రిపుల్ ఐటీలో కంప్యూటింగ్ అండ్ హ్యూమన్ సైన్సెస్ ఉంది, కాకపోతే అది ఇంటర్ తర్వాత చేరే డ్యూయల్ డిగ్రీ, తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ చెప్పండి. పీజీ వాళ్లకి అక్కడి రీసెర్చ్ కోర్సులకి ప్రవేశ పరీక్ష ఉంటుంది. సెంట్రల్ యూనివర్సిటీలో అనువర్తిత భాషాశాస్త్రం, అనువాద అధ్యయనాల కేంద్రం ఉంది, అక్కడి సంస్కృత విభాగంలో సంధి విడగొట్టే సాఫ్ట్‌వేర్ మీద ఏళ్లుగా పని జరుగుతోంది, పక్కూళ్లో గురువుని పెట్టుకుని లండన్ వెళ్లడం ఎందుకని కొందరికి చెప్తుంటాను. ఐఐటీ జోధ్‌పూర్‌లో డిజిటల్ హ్యుమానిటీస్ ఎమ్మెస్సీ ఉంది. జాదవ్‌పూర్ వాళ్లు ఈ రంగంలో దేశంలోనే ముందున్నవాళ్లు, టాగోర్ రాతప్రతులన్నీ పోల్చి చూసుకునేలా 'బిచిత్ర' అనే వెబ్‌సైట్ 2013లో కట్టారు. అది కాసేపు చూస్తే మన వేమనకి ఇలాంటిది ఎందుకు లేదని బాధేస్తుంది.

బయటికైతే లండన్‌లో కింగ్స్ కాలేజీ, యూసీఎల్, రెండూ ఏడాది కోర్సులు. బెల్జియంలో కేయూ లూవెన్‌ది కూడా ఏడాదే. ఇటలీలో బొలోన్యాది ఇంగ్లీషులో రెండేళ్లు. స్వీడన్‌లో ఉప్సాలా, ఫిన్లాండ్‌లో హెల్సింకి, అమెరికాలో షికాగో, న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ గ్రాడ్యుయేట్ సెంటర్. పేర్లు చూసి మురిసిపోకండి. కోర్సు పేజీలో సబ్జెక్టుల జాబితా తెరిచి, ప్రోగ్రామింగ్, స్టాటిస్టిక్స్ ఎన్ని క్రెడిట్లో లెక్కపెట్టండి. కొన్నిచోట్ల ఒక్క పేపరుంటుంది, మిగతాదంతా టెక్నాలజీ గురించిన చర్చ. ఆ చర్చ మంచిదే, నాకూ ఇష్టమే, కానీ డేటా ఉద్యోగం కోసం వెళ్తూ అక్కడ చేరితే తర్వాత ఏడవాలి. పాత విద్యార్థుల థీసిస్ పేర్లు దొరికితే చదవండి, సంస్కృతం, తమిళం, అరబిక్, ఇంగ్లీషు కాని ఏ భాష మీదైనా పనిచేసినవాళ్లున్నారా చూడండి. ఉంటే మీ తెలుగుకి అక్కడ చోటున్నట్టు.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం. ఇంటి పత్రాలు బ్యాంకులో పెట్టి ఈ చదువుకి పెద్ద అప్పు చెయ్యకండి. ఎమ్మెస్ కంప్యూటర్ సైన్స్ చేసిన మీ బావమరిది జీతం లెక్కలు ఇక్కడ చెల్లవు. చదివాక దొరికే పనులు లైబ్రరీల్లో, ఆర్కైవుల్లో, ప్రచురణ సంస్థల్లో, భాషా డేటా తయారుచేసే కంపెనీల్లో, లేదంటే పీహెచ్‌డీ. నేను చేసేది చివర్నుంచి రెండోది, తెలుగు పాఠాలు ఏఐ మోడళ్లకి పనికొచ్చేలా చూడటం, జీతం పర్లేదు.

జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావరకు ట్యూషన్ ఫీజు తీసుకోవు, బాడెన్-వుర్టెంబెర్గ్‌లో మాత్రం మనలాంటి విదేశీయులకి సెమిస్టరుకి 1,500 యూరోలు. ఫీజు లేదు కదా అని బయల్దేరితే వీసాకి ఏడాది ఖర్చు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతాలో, చూపించాలి, 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. అమెరికాకైతే ఒక్క మాట తప్పకుండా అడగండి, మీ ప్రోగ్రాం సీఐపీ కోడ్ (అమెరికా ప్రభుత్వం ఒక్కో రకం చదువుకి ఇచ్చే నంబరు) ఏమిటి, అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉందా అని. ఉంటే చదువయ్యాక 12 నెలల ఓపీటీ (అక్కడే ఉద్యోగం చేసుకునే అనుమతి) మీద ఇంకో 24 నెలలు కలుస్తాయి, లేకపోతే ఆ 12 నెలలే. ఒకే రకం చదువు రెండు యూనివర్సిటీల్లో రెండు కోడ్ల కింద ఉండొచ్చు, అడ్మిషన్ ఆఫీసుకి మెయిల్ రాసి జవాబు దాచుకోండి.

స్కాలర్‌షిప్‌లలో ఒక మెలిక. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎస్సీ, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, చేతివృత్తుల కుటుంబాల పిల్లలకి పెద్ద ఆసరా. కానీ 2022లో నిబంధనలు మార్చి, భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనాలు, ఈ అంశాలకి ఇవ్వం అన్నారు. మన సబ్జెక్టు సరిగ్గా ఆ గీత మీద ఉంటుంది. ఆ ఏడాది నోటిఫికేషన్ అక్షరం అక్షరం చదివాకే అప్లికేషన్‌లో కోర్సు పేరు నింపండి. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి వేరుగా ఉంది, దాని షరతులు వేరు.

ఎస్ఓపీ, అంటే ఈ చదువు ఎందుకో చెప్పే అప్లికేషన్ వ్యాసం, రాసేటప్పుడు "చిన్నప్పటి నుంచి మా తాతగారి పుస్తకాల బీరువా" అని మొదలైతే ఆ పేరా కొట్టేయండి. నాది అలాగే మొదలైంది, రెండుచోట్ల రిజెక్ట్ అయ్యాక కొట్టేశాను. మొదటి వాక్యంలోనే మీ ప్రశ్న ఉండాలి. తర్వాత ఏ పాఠం తీసుకున్నారు, ఎన్ని పేజీలు, ఎలా శుభ్రం చేశారు, ఏం లెక్కపెట్టారు, ఎక్కడ దెబ్బతిన్నారు, ఆ దెబ్బకి మందు ఈ కోర్సులో ఏ పేపర్లో ఉంది. దెబ్బతిన్న చోటు దాచకండి, నా స్టేషన్ కథ రాశాకే నాకు సీటొచ్చింది. డేటా (కాపీరైట్ లేని పాఠమైతేనే), కోడ్ గిట్‌హబ్ అనే సైట్‌లో పెట్టి లింకివ్వండి, పక్కన ఒక పేజీలో ఇదేమిటో తెలుగు రానివాళ్లకి అర్థమయ్యేలా రాయండి. రాత నమూనా అడిగితే ఎమ్మే డిసర్టేషన్‌లో మంచి అధ్యాయం ఒకటి మీరే ఇంగ్లీషులోకి తెచ్చుకోండి. మిషన్‌కి అప్పజెప్పితే యతికి విశ్రాంతి అనో సన్యాసి అనో రాసి పరువు తీస్తుంది.

రికమెండేషన్ లెటర్ల దగ్గర మనవాళ్లు బాగా నష్టపోతారు. తెలుగు శాఖలో మాస్టారికి మీరంటే ప్రాణం ఉంటుంది గానీ, ఆయన లెటర్ "ఈ విద్యార్థి క్రమశిక్షణ గలవాడు" అన్న నాలుగు లైన్లతో అయిపోతుంది. తప్పు ఆయనది కాదు, ఏం అడుగుతున్నారో ఆయనకి ఎవరూ చెప్పలేదు. మీ ప్రాజెక్టు ఒక పేజీలో రాసి, సెమినార్ పేపరు జతచేసి, "మాస్టారూ, ఈ పని గురించి రెండు ముక్కలు రాయండి" అని అడగండి, ఎంత బాగా రాస్తారో చూడండి. రెండో లెటర్ కంప్యూటర్ సైన్స్ వాళ్ల నుంచో స్టాటిస్టిక్స్ వాళ్ల నుంచో వస్తే మంచిది, మీ క్యాంపస్‌లో పక్క బిల్డింగే కదా, వెళ్లి మీ పట్టిక చూపించి సలహా అడగండి, పరిచయం అలాగే అవుతుంది. అమెరికా గడువులు చాలావరకు డిసెంబరు, జనవరిలో ఉంటాయి కాబట్టి లెటర్లు దసరా సెలవులకి ముందే అడిగేయండి. సెలవులిచ్చాక మాస్టారు ఊళ్లో ఉంటారు, అక్కడ నెట్ రాదు, యూనివర్సిటీ పంపిన లింకు స్పామ్‌లో పడి ఉంటుంది, మీరు ఫోన్ చేసి ఆయన చేత ఆ లింకు వెతికించేసరికి సంక్రాంతి వస్తుంది.